ఇసుకను ఆపే తీగ

సూర్యలంకలోనో భీమిలిలోనో అలల తడి దాటి పైకి వస్తే, పొడి ఇసుక మీద పాకిన పచ్చటి తీగ కాలికి తగులుతుంది. ఆకు కొసన చీలి మేక గిట్టలా ఉంటుంది. పొద్దున్నే విచ్చుకునే గులాబీ-ఊదా గరాటు పూలు ఎండ ముదిరేసరికి వాడిపోతాయి. ఇదే బాలబంది తీగ. శాస్త్రనామం ఐపోమియా పెస్-కాప్రే. చిలగడదుంపకు, తూటికూరకు దగ్గరి చుట్టం.

ఉప్పుగాలి, కాలే ఇసుక, సారం లేని నేల దీనికి అలవాటే. గాలి మోసుకొచ్చిన ఇసుక ఆకుల మధ్య ఆగి పోగవుతుంది. తీగ పూడిపోతుంది. పూడిన కణుపులు వేళ్లు దింపుతాయి, చిగురు మళ్లీ పైకి వస్తుంది. ఇలా ఏళ్ల తరబడి సాగితే దిబ్బ ఎత్తు పెరుగుతుంది. పక్కనే పెరిగే రావణాసురుడి మీసాలు అనే గడ్డి చేసేదీ ఇదే పని. కాకపోతే దాని ముళ్లు గుచ్చుకుంటే ఎవరూ మెచ్చుకోరు.

కణుపుకే వేళ్లొచ్చే తీగను పెంచడం కష్టమేమీ కాదు. ముదురు తీగను మూడు నాలుగు కణుపులుండేలా మూరెడు ముక్కలుగా కోయాలి. కోసినచోట పాలు కారతాయి. రెండు కణుపులు పూడేలా, కొస బయటికి ఉండేలా ఇసుకలో పడుకోబెట్టాలి. వానలు మొదలయ్యాక నాటితే నీళ్లు మోసే పని తప్పుతుంది. పోటు నీరు చేరే గీతకు పైనే నాటాలి. ఎరువు వేస్తే ఆకులే తప్ప పూలు పెద్దగా రావు.

గింజల సంగతి వేరు. కాయకు సాధారణంగా నాలుగుంటాయి, నూగుతో, గట్టి పెంకుతో. సముద్రంలో నెలల తరబడి తేలినా చెడవు. ఉష్ణమండల తీరాలన్నిటా ఈ తీగ కనిపించడానికి కారణం అదే. అయితే ఆ పెంకే నీటిని లోపలికి పోనివ్వదు. అందుకని గింజను ఒక పక్క గరుకు కాగితంతో రుద్ది, రాత్రంతా మంచినీళ్లలో నానబెట్టాలి. ఉబ్బినవాటిని నాటి, ఉబ్బనివాటిని మళ్లీ రుద్దాలి. సముద్రపు నీళ్లలో నానబెడితే మొలకలు బాగా తగ్గుతాయి.

ఉప్పాడలా కెరటాలు ఊళ్లనే కోసుకుపోతున్న చోట తీగ ఏదో అడ్డుకుంటుందని ఆశపడకూడదు. అది గాలి ఇసుకను ఆపగలదు, తుఫాను అలను కాదు. ఇసుక మేట వేసే తీరాల్లో మాత్రం నాటడం కన్నా ముందు ఉన్నదాన్ని పీకకుండా వదిలేయాలి. బీచ్ శుభ్రం పేరుతో యంత్రాలు తిప్పితే చెత్తతో పాటు ఈ తీగలూ పోతాయి. ప్లాస్టిక్‌ను చేత్తో ఏరి, కొత్తగా నాటినచోట తీగ అల్లుకునేదాకా తాడు కట్టి, జనం నడవడానికి పక్కన ఒక బాట వదిలితే చాలు.