మరుగుదొడ్డి గుంతలు – భూగర్భ జలాల్లో నైట్రేటు: జగ్గయ్యపేట, నందిగామ మెట్ట ప్రాంతంలో అంచనా వేసే విధానం

బోరు నీటిలో నైట్రేటు అధికంగా ఉన్నదని తేలగానే మొదటి నింద యూరియాపై పడుతుంది. పత్తి, మిరప విస్తారంగా సాగయ్యే జగ్గయ్యపేట, నందిగామ మెట్ట మండలాల్లో ఈ అనుమానం సహజమే. అయితే గ్రామం నడుమనున్న బోరులో నైట్రేటుకు ఇళ్ల సెప్టిక్ ట్యాంకులు, ఇంకుడు గుంతలు కూడా కారణం కావచ్చు. మూలాన్ని సరిగా గుర్తించకుండా రైతుకు ఎరువు తగ్గించమని చెప్పినంత మాత్రాన తాగునీరు బాగుపడదు.

నైట్రేటు ఏర్పడే తీరు

సెప్టిక్ ట్యాంకులో ఘన పదార్థం అడుగుకు చేరుతుంది గాని నత్రజనిలో అధిక భాగం అమ్మోనియం రూపంలో నీటితోనే బయటకు వస్తుంది. గాలి ఆడే నేలలో నైట్రోసోమోనాస్, నైట్రోబాక్టర్ వంటి సూక్ష్మజీవులు దానిని నైట్రేటుగా మారుస్తాయి. నైట్రేటుకు రుణావేశం ఉన్నందున బంకమన్ను దానిని పట్టి ఉంచలేదు. అది నీటితో పాటు కిందికి దిగుతుంది.

జగ్గయ్యపేట పరిసరాల్లో సున్నపురాయి విస్తారంగా ఉన్నది. దాని పగుళ్ల గుండా మురుగు త్వరగా జలాన్ని చేరగలదు. నల్లరేగడి తడిసి ఉబ్బినప్పుడు నీరు నెమ్మదిగా ఇంకుతుంది. గాలి అందని ఆ స్థితిలో కొంత నైట్రేటు వాయురూపంలో పోతుంది. కాని గుంతను నల్లమట్టి దాటి మొరం వరకు తవ్వితే ఈ రక్షణ దక్కదు.

ఒక సరళ లెక్క

ఒక మనిషి ఏడాదికి సుమారు 4 కిలోల నత్రజని విసర్జిస్తాడు. హెక్టారుకు 100 మంది నివసించే వాడలో ఇది 400 కిలోలు. ఇందులో పావు వంతు, అనగా 100 కిలోలు, జలాన్ని చేరుతుందనుకొందాం. మనిషికి రోజుకు 80 లీటర్ల వాడుక నీరంతా ఇంకి, 900 మి.మీ. వర్షంలో 12 శాతం కూడా దానితో కలిస్తే మొత్తం సుమారు 4,000 ఘనపు మీటర్లు. అప్పుడు నైట్రేటు లీటరుకు దాదాపు 110 మి.గ్రా. అవుతుంది. భారత ప్రమాణం ఐ.ఎస్. 10500 ప్రకారం తాగునీటిలో పరిమితి 45 మి.గ్రా. మాత్రమే. ఇది కొలత కాదు, ఊహపై ఆధారపడిన అంచనా. అయినా పరీక్ష ఎందుకు అవసరమో తెలుపుతుంది.

నమూనాల సేకరణ, విశ్లేషణ

గ్రామానికి ఎగువన, నడుమ, దిగువన ఉన్న బావులను ఎంచుకొని మే నెలలోను, వర్షాల అనంతరం నవంబరులోను నమూనాలు తీయాలి. నైట్రేటుతో పాటు అమ్మోనియం, క్లోరైడు, పొటాషియం, విద్యుత్ వాహకత, ఇ. కోలి పరీక్షించాలి. ఎగువన తక్కువగా ఉండి నడుమ నైట్రేటు, క్లోరైడు కలిసి పెరిగితే మురుగుపై అనుమానం బలపడుతుంది. అయితే మ్యూరేట్ ఆఫ్ పొటాష్ కూడా క్లోరైడును, పొటాషియంను ఇస్తుందని మరువరాదు. ఇ. కోలి కనబడకపోయినా మురుగు చేరలేదని చెప్పలేము. నేల వడగట్టేది సూక్ష్మజీవులనే గాని నైట్రేటును కాదు. నత్రజని-15 ఐసోటోపు పరీక్ష రసాయన ఎరువును మల వ్యర్థాల నుండి వేరుచేయగలదు, కాని పశువుల పేడ దిబ్బను మురుగు నుండి వేరుచేయడం దానితో కష్టం.

విస్తరణ సిబ్బంది చెప్పవలసినవి

అధిక నైట్రేటు నీటితో పాలపొడి కలిపి శిశువులకు పట్టరాదు. రక్తం ఆక్సిజన్‌ను మోసే శక్తి తగ్గి ప్రాణాపాయం కలుగవచ్చు. నీటిని మరిగిస్తే నైట్రేటు పోదు, నీరు ఆవిరై మరింత గాఢమవుతుంది. క్లోరిన్ కలిపినా ఫలితం లేదు. ఎండిపోయిన బోరులోకి మురుగు వదలడం మాన్పించాలి. ట్యాంకులలోని మడ్డిని క్రమంగా తీయించి శుద్ధి కేంద్రానికి పంపాలి.

ఆ నీరు సేద్యానికి వ్యర్థం కాదు. లీటరుకు 45 మి.గ్రా. నైట్రేటు గల నీటితో ఎకరాకు 5 సెం.మీ. తడి ఐదు సార్లు ఇస్తే దాదాపు 10 కిలోల నత్రజని, అనగా సుమారు 22 కిలోల యూరియాకు సమానమైనది, అందుతుంది. ఆ మేరకు ఎరువు తగ్గించుకోవచ్చు. భూసార పరీక్షతో పాటు బోరు నీటి పరీక్షను కూడా ఎరువుల సిఫారసులో చేర్చితే రైతుకు ఖర్చు తగ్గుతుంది, అదే పరీక్ష ఇంటి తాగునీటి మంచిచెడ్డలను కూడా తెలుపుతుంది.