చివరి గిన్నె బోర్లించేదాకా

వంట అరగంట. బోళ్లు తోముడు గంట. ఈ లెక్కను సరిచేసే ఉపాయాలు జనగామ, మానుకోట, భూపాలపల్లి వంటిళ్లలో ఎప్పటినుంచో ఉన్నాయి.

పెసరట్టుకు పెసల పేరు, జొన్నరొట్టెకు జొన్నల పేరు. సర్వపిండికి మాత్రం గిన్నె పేరు. సర్వలో చేస్తే సర్వపిండి, గిన్నెలో చేస్తే గిన్నెప్ప, తపాలలో చేస్తే తపాలచెక్క. తెలంగాణలో ఊరు మారితే పేరు మారుతుంది గానీ ఏ పేరులో చూసినా పాత్రే కనిపిస్తుంది. తిండికి పాత్ర పేరు పెట్టుకున్నారంటే ఆ వంటకు ఆ ఒక్కటీ చాలన్నమాట.

రెండు గ్లాసుల బియ్యప్పిండి, గుప్పెడు నానిన శనగపప్పు, కచ్చాపచ్చాగా దంచిన పల్లీలు, రెండు చెంచాల నువ్వులు, తరిగిన ఉల్లిగడ్డ, నలిపిన ఎల్లిగడ్డ, కల్యామాకు, ఉప్పు, కారం. కొద్దికొద్దిగా నీళ్లు పోసి ముద్ద చేయాలి. సర్వ లోపల నూనె రాసి, అడుగునా గోడలకూ పలుచగా ఒత్తాలి. వేలితో అక్కడక్కడా బొక్కలు పెట్టి, ఒక్కో దాంట్లో నూనె చుక్క వేసి, మూత పెట్టి సన్నమంట మీద వదిలేయాలి. తిప్పేది లేదు, అట్లకాడ పని లేదు. ఎర్రగా కాలితే అంచులు తమంతట తామే ఊడివస్తాయి. మూతను తిరగేసి దాంట్లోకే దించుకుంటే కంచమూ అక్కర్లేదు.

రెండో వాయికి ముందు సర్వ చల్లారాలి, వేడి గిన్నెకు పిండి పట్టదు. పాతకాలం వాళ్లు గిన్నెను బోర్లించి అడుగు మీద చెంబెడు నీళ్లు పోసేవాళ్లు. చల్లార్చుడుకు ఆ చెంబెడే చాలు.

బిందె చెప్పిన పాఠం

ఈ పొదుపు సరదాకు పుట్టింది కాదు. జనగామ కరువు చూసిన నేల. బోరు ఎండిన ఊళ్లో గిన్నె తోమడమంటే దాని వెనక ఒక బిందె మోయడం. నాలుగు కూరలు వండితే నాలుగు గిన్నెలకు నీళ్లెక్కడివి? అందుకే అన్నంలోకి ఒక తొక్కు, ఒక చారు. తొక్కు రోట్లోనే నూరి, చివర్లో ఆ రోట్లోనే రెండు ముద్దల అన్నం కలిపి తుడుచుకు తినేవాళ్లు. ఆ ముద్దల రుచి తెలిసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. రోలు కడగడానికి మిగిలేదీ ఏమీ ఉండదు.

ఇప్పుడు దేవాదుల ఎత్తిపోతలతో గోదావరి నీళ్లు ఇటు మళ్లాయి. మిషన్ భగీరథ నల్లాలు వాకిట్లోకి వచ్చాయి. నీళ్లు దొరికాయి, పొద్దు దొరకడం లేదు.

మూడు ఊళ్లు, మూడు పొద్దులు

జనగామ నుంచి సికింద్రాబాద్‌కు రైలు దారి ఎనభై కిలోమీటర్ల పైనే. రోజూ పోయి వచ్చేవాళ్లింట్లో పొద్దున పొయ్యి మీద ఎన్ని గిన్నెలు ఎక్కాలో రైలే చెబుతుంది.

భూపాలపల్లిలో ఆ మాట సైరన్ చెబుతుంది. సింగరేణి కాకతీయ ఖని గనుల్లో పని మూడు షిఫ్టులు. ఒకే ఇంట్లో తండ్రిది రాత్రి డ్యూటీ, కొడుకుది పొద్దుటి డ్యూటీ, పిల్లలది బడి టైము అయితే, ఒక రోజులో మూడుసార్లు పొయ్యి వెలుగుతుంది, మూడుసార్లు సింకు నిండుతుంది.

మానుకోటలో మిరప తోట చెబుతుంది. జనవరి నుంచి మార్చి దాకా కాయ ఏరే రోజులు. కూలీల ఆటో పొద్దు పొడవకముందే ఊరి మధ్య ఆగుతుంది. అప్పటికి సద్ది కట్టి, ఇంట్లో వాళ్లకు వండిపెట్టి, నడుముకు కొంగు చుట్టుకుని బయటపడాలి.

కుక్కర్ కూత పెట్టేలోగా

ఇలాంటి పొద్దులకు తెలంగాణ ఇంట్లో తిరుగులేని జోడీ కిచిడి, పచ్చిపులుసు. పొయ్యి మీద ఒకటి, పొయ్యి మీద గిన్నె ఎక్కించే పనే లేనిది ఇంకొకటి.

గ్లాసు బియ్యం, పావు గ్లాసు పెసరపప్పు కలిపి కడగాలి. కుక్కర్లో నూనె వేడిచేసి జీలకర్ర, చీల్చిన పచ్చిమిర్చి, ఉల్లిగడ్డ, కాస్త పసుపు వేయించి, బియ్యం పప్పు వేసి, మూడు గ్లాసుల నీళ్లు, ఉప్పు వేసి మూత పెట్టాలి. పోపు వేసిన గిన్నె, ఉడికిన గిన్నె ఒకటే.

కూతలు వచ్చేలోగా ఒక గిన్నెలో నానిన చింతపండు పిసికి పిప్పి తీసేయాలి. మంట మీద కాల్చిన రెండు ఎండుమిర్చి, ఉప్పు, పచ్చి ఉల్లిగడ్డ ముక్కలు అందులోనే చేత్తో నలపాలి. కాసిన్ని నువ్వులపొడి, జీలకర్ర, కొత్తిమీర. పోపు పెడితే మంచిదే, పెట్టకపోతే ఒక గరిటె మిగిలింది. మూడు కూతలకు కిచిడి సిద్ధం, పులుసు సిద్ధం. తోమాల్సింది కుక్కరు, ఒక గిన్నె.

గట్కది ఇంకో తెలివి. మరిగే నీళ్లలో జొన్నరవ్వో మక్కరవ్వో పోసి కలుపుతూ ఉడికిస్తే రాత్రికి పప్పుతో తింటారు. మిగిలిన దాంట్లో పొద్దున సల్ల పోసి, ఉల్లిగడ్డ కొరుక్కుంటే సద్ది. పొయ్యి ఒకసారి వెలిగింది, పూటలు రెండు గడిచాయి.

బమ్మెర కవి చూపిన కంచాలు

జనగామ జిల్లా పాలకుర్తి మండలంలో ఉంది బమ్మెర. 15వ శతాబ్దపు పోతన ఊరు. ఆయన భాగవతం దశమ స్కంధంలో కృష్ణుడు గోపబాలులతో కలిసి చల్దులు తినే ఘట్టం ఉంది. అన్నం ఇంటి నుంచే తెచ్చుకున్నారు. మరి కంచాలు? రాళ్లు, చిగుళ్లు, గడ్డి, తీగలు, చిక్కాలు, పూలు, ఆకులు, ఏది దొరికితే అది. తిన్నాక తోమాల్సిన కంచం ఒక్కటీ లేదు.

ఆ ఆకు ఈ నేల వదల్లేదు. భూపాలపల్లి, మానుకోట అడవుల్లో మోదుగుకు కొదవ లేదు. ఎండాకాలం ముందు ఎర్రగా పూసి, హోలీకి రంగునిచ్చే చెట్టు. దాని ఆకుల్ని సన్నటి పుల్లలతో కుట్టి విస్తరి చేసేవాళ్లు. పెళ్లికైనా, పొలం కాడి బువ్వకైనా అదే. తిని పడేస్తే పెంటకుప్పలో ఎరువయ్యేది. తర్వాత ప్లాస్టిక్ పళ్లేలు వచ్చి విస్తరిని పక్కకు నెట్టాయి. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ పళ్లేలు, గ్లాసుల్ని దేశమంతటా 2022 జులై 1 నుంచి నిషేధించారు. విస్తరి తిరిగి రావడానికి అదొక దారి తీసింది. చుట్టాలొచ్చిన ఆదివారం డజను విస్తళ్లు కొంటే ఆ సాయంత్రం సింకు ముందు నిలబడే గంట మిగులుతుంది.

బోళ్లు తక్కువయ్యే చిట్కాలు

• తరిగిన ముక్కల్ని వేరే పళ్లెంలో పోయొద్దు. కత్తిపీట మీది నుంచి నేరుగా గిన్నెలోకే.
• పప్పు, ఆలుగడ్డ, గుడ్లు ఒకే కుక్కర్లో వేర్వేరు డబ్బాల్లో ఉడికించొచ్చు.
• పిండి, బియ్యం అంటిన గిన్నెలో వెంటనే నీళ్లు పోయాలి. ఎండితే పని మూడింతలు.
• వండిన గిన్నెనే వడ్డించే గిన్నె చేసుకోవాలి.
• కుక్కర్ కూతల మధ్య ఖాళీలోనే చిన్న సామాను కడిగేస్తే చివరికి కుప్ప ఉండదు.

ఎవరి డబ్బా వాళ్లదే

ఎన్ని చిట్కాలు చెప్పుకున్నా, చివరి గిన్నె ఎవరి చేతిలో ఉందన్నదే అసలు ప్రశ్న. కేంద్ర ప్రభుత్వం 2024లో చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు సగటున 289 నిమిషాలు పెడుతున్నారు. చేసే మగవాళ్లు పెట్టేది 88 నిమిషాలు. ఒకరికి దాదాపు అయిదు గంటలు, ఇంకొకరికి గంటన్నర కూడా కాదు.

మిరప తోటలో మధ్యాహ్నం బువ్వ తిన్నాక చూడండి. మోటారు కాడ ఎవరి టిఫిన్ డబ్బా వాళ్లే కడుక్కుంటారు. ఎవరూ చెప్పనక్కర్లేదు, ఎవరికీ నామోషీ లేదు. అదే ఆడమనిషి చీకటి పడ్డాక ఇల్లు చేరితే, అందరి కంచాలూ ఆమెవే అవుతాయి. తోటలో ఉన్న పద్ధతి ఇంటి గడప ఎందుకు దాటదు?

పెద్ద సంస్కరణలేం అక్కర్లేదు. సర్వపిండితో మొదలుపెట్టొచ్చు. సర్వ అడుగున బాగా ఎర్రబడి, కరకరలాడే ముక్క కోసం ప్రతి ఇంట్లో కొట్లాటే. ఈ ఆదివారం నుంచి ఆ ముక్క ఎవరు తింటే సర్వ వాళ్లే తోమాలని ఒక కట్టుబాటు పెట్టండి. కొట్లాట అప్పుడూ ఉంటుంది గానీ, ఎవరు వెనక్కి తగ్గుతారో చూడాలి.