వార్తల్లో పదం: మాఫ్

లోహ అయాన్లను కర్బన అణువులతో కలిపి అల్లిన, లోపలంతా ఖాళీ గదులున్న స్ఫటికాలే లోహ-సేంద్రియ చట్రాలు, పొట్టిగా మాఫ్‌లు. వీటిని అభివృద్ధి చేసినందుకే 2025 రసాయనశాస్త్ర నోబెల్ సుసుము కితగావా, రిచర్డ్ రాబ్సన్, ఒమర్ యాఘీలకు దక్కింది. 1989లో రాబ్సన్ రాగి అయాన్లతో కట్టిన చట్రం తేలిగ్గా కూలిపోయేది. 1999లో యాఘీ ప్రకటించిన మాఫ్-5 మాత్రం 300 డిగ్రీల సెల్సియస్ వేడికీ చెక్కుచెదరలేదు. దాని రెండు గ్రాముల్లో ఫుట్‌బాల్ మైదానమంత ఉపరితలం ఇమిడి ఉంటుందంటే ఆశ్చర్యమే!

లోహాన్నో, కర్బన లంకెనో మారిస్తే గది కొలత, గుణం మారతాయి. అందుకే కొన్ని కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి ఉంచుతాయి, కొన్ని నీటిలోని పీఫాస్ విషాలను వేరుచేస్తాయి. యాఘీ బృందం అరిజోనా ఎడారి గాలి నుంచే నీరు తీసింది. వైద్యంలో, ఇనుముతో చేసిన కొన్ని చట్రాలు మందును నింపుకొని మెల్లగా వదులుతాయని ప్రయోగశాలల్లో తేలింది. చట్రం కరిగాక ఆ లోహం శరీరంలో ఏమవుతుందో తేల్చాకే వాటిని రోగులకు ఇవ్వాలి.