ఇపో కొండలు – పంకోర్ పగడాలు

ఇపో నగరం చుట్టూ గోడల వలె నిటారుగా లేచిన సున్నపురాతి కొండలు ఆ ఊరికి గుర్తు. పేరక్ తోంగ్, సామ్ పో తోంగ్ గుహాలయాలు ఈ కొండలలోనివే. నేడు తీరానికి ఎంతో దూరాన ఉన్న ఈ రాయి పుట్టినది సముద్రగర్భంలో! సుమారు 40 కోట్ల నుండి 25 కోట్ల సంవత్సరాల క్రిందట ఇచ్చటి వెచ్చని సముద్రంలో జీవించిన ప్రాణుల గుల్లలు, అస్థిపంజరాలు పొరలుగా పేరుకొని సున్నపురాయిగా గట్టిపడ్డాయి. తరువాత భూగర్భం నుండి ఎగదన్నిన గ్రానైటు శిలాద్రవపు వేడికి అది చాలాచోట్ల చలువరాయిగా మారింది. కింటా లోయకు సిరులు తెచ్చిన తగరం కూడా ఆ గ్రానైటుతో వచ్చినదే.

సముద్రజీవులు సున్నపురాయిని నిర్మించే ఈ పని నేటికీ సాగుతున్నది. దానిని కన్నులారా చూడడానికి ఒక్క రోజు చాలు. ఉదయం ఇపో నుండి బయలుదేరి లుముత్ రేవు చేరి, పడవలో పంకోర్ ద్వీపానికి వెళ్ళవచ్చు. పడమటి తీరాన ఉన్న నీపా అఖాతానికి ఎదురుగా గియామ్ అనే చిన్న దీవి ఉన్నది. అక్కడి లోతు తక్కువ నీటిలో, కళ్ళకు అద్దాలు తగిలించుకొని తేలుతూ చూస్తే పగడాలు కనిపిస్తాయి.

పగడం రాయి కాదు, మొక్క కాదు, అది జంతువు. పాలిప్ అనే ఈ మెత్తని చిన్న ప్రాణి సముద్రజలం నుండి కాల్షియం కార్బొనేటును కూర్చుకొని తన చుట్టూ గూడు కట్టుకొంటుంది. మన పెద్దలు ఆల్చిప్పలను కాల్చి సున్నం చేసినది కూడా ఈ పదార్థం నుండే. వేలాది పాలిప్‌ల గూళ్ళు తరతరాలుగా కలిసి పెరిగితే ప్రవాళ భిత్తిక ఏర్పడుతుంది. గుండ్రని పగడపు బండ ఏడాదికి ఒక సెంటీమీటరు పెరగడం కూడా కష్టమే. ఉంగరంలో ధరించే ఎర్ర పగడం వీటికి దూరపు చుట్టమే కాని, భిత్తికలు నిర్మించే జాతి కాదు.

పాలిప్ కణజాలంలో ఏకకణ శైవలాలు నివసిస్తాయి. అవి సూర్యకాంతితో ఆహారం తయారుచేసి అధికభాగం పాలిప్‌కు అందిస్తాయి. పగడానికి రంగు కూడా చాలావరకు వాటిదే. అందుకే పగడాలకు వెలుతురు ప్రాణాధారం. మలక్కా జలసంధి నీరు బురదతో మసకబారి ఉండడం వలన, తూర్పుతీరపు రెడాంగ్, తియోమాన్ దీవులలోని వైభవం పంకోర్‌లో కానరాదు.

నీరు మామూలు వేసవి వేడిమికి ఒక్క డిగ్రీ మించి కొన్ని వారాలు నిలిచినా ఈ పొత్తు చెడుతుంది. శైవలాలు వెడలిపోయి పగడం తెల్లబారుతుంది. వేడి తగ్గకపోతే ఆకలితో మరణిస్తుంది. 2010లో ఇట్లే జరిగినపుడు రెడాంగ్, తియోమాన్ పరిసరాలలోని కొన్ని తావులలో మలేషియా ప్రభుత్వం మునకలను కొన్నాళ్ళు నిలిపివేసింది. ప్రపంచమంతటా పగడాలు తెల్లబారుతున్నట్లు 2024లో శాస్త్రజ్ఞులు మరల ప్రకటించారు.

ఇపో కొండల కాలంనాటి పగడపు జాతులు సుమారు 25 కోట్ల సంవత్సరాల క్రిందట సమూలంగా నశించాయి. నేటి పగడాలు ఆ తరువాత పుట్టిన వేరొక శాఖకు చెందినవి. సముద్రాలలో భిత్తికలు మరల విస్తరించడానికి అనేక దశలక్షల ఏండ్లు పట్టింది. పోయినది తిరిగి రావడానికి మానవజాతి అంతకాలం వేచి ఉండలేదు.

కనుక పంకోర్ వెళ్ళే కుటుంబాలు కొన్ని నియమాలు పాటించడం మంచిది. పగడంపై కాలు మోపరాదు, ముక్క విరవరాదు, గవ్వలనైనా ఇంటికి తేరాదు. ఎండకు ఒంటికి లేపనం పూయడం కంటె పొడుగుచేతుల చొక్కా ధరించడం మేలు. పిల్లలు కాలితో విరిచే చిన్న కొమ్మ వారి వయస్సంత కాలం పెరిగినది కావచ్చును.