మంచు దారిలో సైకిలు ప్రయాణము

గత శీతకాలమున మన కళాశాల పూర్వవిద్యార్థి యొకడు ఫిన్లండ్ దేశమునుండి నాకొక ఉత్తరము వ్రాసెను. పై చదువునకై అతడు ఔలు అను నగరమునకు వెళ్లి అప్పటికి నాలుగు మాసములైనది. ఆ ఉత్తరములో ఇట్లున్నది: "సార్, ఇచ్చట ఎందరో సైకిలుమీదనే పోవుచున్నారు. మన ఊరిలో పదేండ్లు సైకిలు త్రొక్కినవాడను, నాకేమి భయమని బయలుదేరితిని. ఒక చిన్న వంతెనమీద బండి నా క్రిందనుండి జారిపోయినది. పడుచున్నానని తెలియుటకు ముందే పడితిని. మణికట్టు విరిగినది. నా వెనుక వచ్చుచున్న డెబ్బది యేండ్ల అవ్వ దిగి, నన్ను లేవనెత్తి కూర్చుండబెట్టి, మరల తన సైకిలెక్కి పోయినది. ఆమె ఏల పడలేదు? నేనేల పడితిని?"

ఈ ప్రశ్నకు వెంటనే సమాధానము వ్రాయలేకపోతిని. నేను తెలుగు బోధించువాడనే కాని భౌతికశాస్త్రము తెలిసినవాడను కాను. ఆ శాఖలోని మిత్రునితో పలుమారులు చర్చించి, కొంత చదివి తెలిసికొన్న విషయములను ఇచ్చట మనవి చేయుచున్నాను. మన విద్యార్థులలో కొందరు చలిదేశములకు పోవుచున్నారు. వారి తల్లిదండ్రులు అప్పు చేసియో, పొలము తాకట్టు పెట్టియో పంపుచున్నారు. అచ్చట మణికట్టు విరిగినచో నొప్పి ఒక్కటే కాదు. చేయుచున్న చిన్న ఉద్యోగము పోవును, గది అద్దె నిలిచిపోవును, పరీక్ష తప్పును. కావున ఇది కేవలము వినోదమునకు చదువదగిన విషయము కాదు.

మొదట మాటను గూర్చి ఒక మాట. మన తెలుగులో "మంచు" అనునది ఒక్కటే పదము. తెల్లవారుజామున గడ్డిపై నిలుచు బిందువులును మంచే, దారి కనబడనీయక కమ్ముకొను పొగయును మంచే, హిమాలయములపై కురియునదియును మంచే, గడ్డకట్టిన నీరును మంచే. ఉర్దూ చదువు మన సోదరులకు ఈ చిక్కు కొంత తక్కువ. వారు మొదటిదానిని శబ్నమ్ అనియు, రెండవదానిని కొహ్రా అనియు, గడ్డిపై పేరుకొను తెల్లని పొరను పాలా అనియు, కురియుదానిని గడ్డకట్టినదానిని బర్ఫ్ అనియు వేరుపరచి చెప్పుదురు. ఫిన్లండు వారికి కురిసిన మంచు లుమి, గడ్డకట్టిన నీరు యా, కరగి బురదయైనది లొస్కా. ఇది కేవలము భాషా చమత్కారము కాదు. సైకిలు చక్రమునకు ఇవి మూడును మూడు వేరు వేరు నేలలు. పొడిమంచుపై నడచినట్లు గడ్డపై నడువరాదు. మన విద్యార్థి మనస్సులో ఉన్నది ఒక్క మంచే. దారిలో ఉన్నవి మూడు.

ఇప్పుడు అసలు విషయమునకు వత్తము. సైకిలు ముందునకు పోవుటకును, ఆగుటకును, మలుపు తిరుగుటకును ఆధారము ఒక్కటే. అది టైరునకును నేలకును మధ్యగల ఘర్షణ. ఆ పట్టు ఎంత యున్నదో తెలుపు సంఖ్యకు ఘర్షణ గుణకమని పేరు. పొడి తారురోడ్డుపై అది సుమారు 0.7 లేక 0.8 ఉండును. వానకు తడిసిన రోడ్డుపై 0.5 ప్రాంతమునకు దిగును. అణగిన పొడిమంచుపై 0.2 నుండి 0.3 వరకు, నున్నని గడ్డపై 0.1, ఆ గడ్డపై నీటిపొర నిలిచియున్నచో 0.05 వరకును పడిపోవును. అనగా మనము పుట్టినది మొదలు నమ్ముకొనియున్న పట్టులో అచ్చట ఏడవవంతో, పదునైదవవంతో మాత్రమే మిగులును.

గడ్డ ఇంత జారుడుగా ఏల ఉండవలెను? గాజుపలకయును నున్ననిదే, కాని పొడిగా ఉన్నప్పుడు అంతగా జారదు. మైకేల్ ఫారడే 1850లో దీనిని గూర్చి ఆలోచించెను. రెండు మంచుగడ్డలను తాకించినచో అవి అతుకుకొనుటను చూచి, గడ్డపై ఎల్లప్పుడును మిక్కిలి పలుచని నీటిపొర ఉండుననియు, రెండు గడ్డల నడుమ చిక్కిన ఆ పొర ఘనీభవించుననియు అతడు ఊహించెను. బరువు ఒత్తిడిచే గడ్డ కరగునని చాలకాలము పలువురు చెప్పుచుండిరి. కాని మనిషి బరువు చేయు ఒత్తిడి అందుకు చాలదు. 1939లో బౌడెన్, హ్యూస్ అను శాస్త్రజ్ఞులు రాపిడివలన పుట్టు వేడియే గడ్డపై నీటిపొరను పెంచుచున్నదని ప్రయోగములచే చూపిరి. ఈ రెండు కారణములనుండి మనకు పనికివచ్చు ఫలితమొకటి కలదు. చలి పెరిగినకొలది ఆ పొర పలుచనగును, గడ్డ కొంత గరుకగును. కావున సున్నకు దిగువ 20 డిగ్రీల చలికంటె, సున్న డిగ్రీల దగ్గరి వాతావరణమే సైకిలునకు ఎక్కువ అపాయకరము. పగలు కొంచెము కరగి, సాయంకాలము మరల గడ్డకట్టు దినములు అన్నింటికంటె చెడ్డవి. క్రొత్తగా పోయినవారు చలి ఎక్కువైనప్పుడు భయపడి, చలి తగ్గినప్పుడు ధైర్యముగా బయలుదేరుదురు. నిజమునకు దీనికి విపర్యయముగా ఉండవలెను.

ఇక సైకిలు సంగతి. నడచుచున్న సైకిలు ఒక వైపునకు ఒరిగినప్పుడు మనము తెలియకుండగనే ముందుచక్రమును ఆ వైపునకే త్రిప్పుదుము. అప్పుడు చక్రములు మరల మన బరువు క్రిందకు వచ్చును. ఈ సవరణ నిమిషమునకు ఎన్నియో మారులు జరుగుచుండును. కాని ముందుచక్రము జారినచో సవరించుటకు సాధనమే పోవును. అందుచేత వెనుకచక్రము జారినవాడు తరచుగా తేరుకొనును. ముందుచక్రము జారినవాడు పడును. ఈ ఒక్క సంగతి గుర్తున్నచో క్రింద చెప్పబోవు జాగ్రత్తలన్నియు వాటంతట అవియే బోధపడును.

మలుపును గూర్చి లెక్క చూతము. గంటకు 18 కిలోమీటర్ల వేగమనగా సెకనుకు 5 మీటర్లు. ఆ వేగముతో 10 మీటర్ల వ్యాసార్ధముగల మలుపు తిరుగుటకు 0.25 కంటె కొంచెము ఎక్కువ ఘర్షణ గుణకము కావలెను. పొడి రోడ్డుపై అది లెక్కలోనిది కాదు. గడ్డపై ఉన్నది 0.1 మాత్రమే; కనుక చక్రము జారితీరును. ఆ మలుపులోనే గంటకు 11 కిలోమీటర్లకు మించకుండ పోయినచో పట్టు చాలును. ఆపుట విషయమునను ఇంతే. అదే 18 కిలోమీటర్ల వేగమునుండి ఆగుటకు తడి రోడ్డుపై కనీసము రెండున్నర మీటర్లు, అణగిన మంచుపై 6 మీటర్లకు పైగా, గడ్డపై సుమారు 13 మీటర్లు పట్టును. అపాయము కంటబడి చేయి బ్రేకుపైకి పోవులోపల గడచు దూరము దీనికి అదనము. వేగమును సగమునకు తగ్గించినచో ఆగు దూరము సగమగుట కాదు, నాలుగవవంతగును. గడ్డపై 13 మీటర్లు 3 మీటర్ల ప్రాంతమునకు వచ్చును. మంచుదారిలో దీనికంటె చవుకైన రక్షణ మరియొకటి లేదు.

మన విద్యార్థి వంతెనమీదనే ఏల పడినాడు? నేలపై వేసిన రోడ్డునకు క్రిందనుండి భూమి వేడి కొంత అందుచుండును. వంతెనకు పైనను క్రిందను చలిగాలియే. కావున మిగిలిన రోడ్డు తడిగా ఉన్నప్పుడే వంతెనపై నీరు గడ్డకట్టియుండును. ఆ పలుచని గడ్డ పారదర్శకమై, క్రింది తారు రంగే కనబడుటచే, తడినేలవలె మోసపుచ్చును. తడి అని తలచి అతడు మలుపునకై బ్రేకు పట్టియుండును. పట్టినది ముందు బ్రేకని అతడే తరువాత ఒప్పుకొనెను.

ఇక ఆ అవ్వ రహస్యము. ఆమె సైకిలు టైర్లకు మేకులుండును. శీతకాలపు టైర్ల రబ్బరులో నూరు మొదలు మూడువందల వరకు చిన్న లోహపు మేకులు పొదుగుదురు. వాని మొనలు టంగ్‌స్టన్ కార్బైడ్ అను మిక్కిలి కఠినమైన పదార్థముతో చేయుదురు. అవి గడ్డలోనికి గ్రుచ్చుకొని పట్టునిచ్చును. రెండు టైర్లు కొనుటకు శక్తి లేనివారు ఒక్కటైన కొని ముందుచక్రమునకు వేయవలెను. కారణము పైన చెప్పితిని. గాలి, టైరు ప్రక్కన ముద్రించిన కనిష్ఠ పరిమితికి తగ్గకుండ, మామూలుకంటె కొంచెము తక్కువగా ఉంచినచో నేలను తాకు భాగము పెరుగును. కూర్చుండు సీటును కొంచెము దించినచో రెండు పాదములును వెంటనే నేలకందును.

త్రొక్కు పద్ధతిలోను భేదము కలదు. పెడలుపై ఒక్కసారిగా బలము వేయరాదు. గడ్డపై బ్రేకు కావలసినప్పుడు వెనుకది మాత్రమే, మెల్లగా, మలుపునకు చాల ముందుగా, సైకిలు నిటారుగా ఉన్నప్పుడే వేయవలెను. మలుపులో ఒరుగరాదు, బ్రేకు పట్టరాదు. వంతెనపై త్రొక్కుట తగ్గించి తిన్నగా పోవలెను. ట్రాము పట్టాలను వీలైనంతవరకు అడ్డముగా దాటవలెను. ఇతరులు నడచి గట్టిపడిన దారిలో చక్రపు చాళ్లు గడ్డకట్టియుండును. వానిలో ముందుచక్రము చిక్కినచో త్రిప్పుట సాధ్యము కాదు. అనుమానము కలిగినచోట దిగి నడుచుట అవమానము కాదు. ఆ దేశములలో పుట్టి పెరిగినవారే దిగి నడుచుచుందురు.

డిసెంబరు చివర ఔలు నగరమున పగలు నాలుగు గంటలకంటె తక్కువ. కనుక ముందు తెల్లని దీపము, వెనుక ఎర్రని దీపము ప్రాణమువంటివి. చేతితొడుగులు దళసరిగా ఉండవలెను కాని బ్రేకు పట్టుటకు అడ్డము రాకూడదు. ఒకే లావు కోటుకంటె పలుచని ఉడుపులు రెండు మూడు పొరలుగా ధరించుట మేలు. చెమట పట్టి ఆరినప్పుడే ఎక్కువ చలి కలుగును. తలకు శిరస్త్రాణము ఉండవలెనని వేరుగ చెప్పనక్కరలేదు.

వ్యక్తి జాగ్రత్త ఒక్కటే చాలదు. ఔలు జనసంఖ్య రెండు లక్షలకు పైబడినది. అచ్చట సైకిలు దారులు 900 కిలోమీటర్లకు మించియున్నవి. ఆ దారులపై మంచును యంత్రములతో త్రోసివేసి, మిగిలిన పొరను గట్టిగా అణచి, పైన గాళ్లు గీయుదురు. అవసరమైనచోట చిన్న కంకర చల్లుదురు. బడిపిల్లలు సైతము ఆ దారులలో సైకిళ్లపై పోవుదురు. శీతకాలపు సైకిలు ప్రయాణమును గూర్చిన మొదటి అంతర్జాతీయ సమావేశము 2013లో ఆ నగరముననే జరిగినది. కొన్ని ఇతర నగరములలో ఉప్పు చల్లుదురు. ఉప్పు కలిసిన నీరు సున్న డిగ్రీలకు గడ్డకట్టదు. కాని చలి మిక్కిలి హెచ్చినచో ఉప్పు పని చేయదు. సున్నకు దిగువ 21 డిగ్రీలు దాటిన పిదప అది పూర్తిగా నిష్ఫలము. అంతేకాక ఉప్పు గొలుసును తినివేయును. కావున వారమునకొకసారి గొలుసు తుడిచి నూనె వేయుట ఆ దేశములలో తప్పనిసరి.

ఇదంతయు మనకెందుకని అడుగువారుందురు. మన లంబసింగి ప్రాంతమున గడ్డిపై తెల్లని పొర కనబడు దినములు అరుదుగా ఉన్నవే కాని, మన రోడ్లపై మంచుగడ్డ లేదు. అయినను జారుట ఉన్నది. ఎండకాలమంతయు రోడ్డుపై పేరుకొనిన నూనె, దుమ్ము తొలకరి చినుకులతో కలిసి జిగురగును. ఆ మొదటి గంట నడివానకంటె చెడ్డది. శీతకాలమున రైతులు రోడ్డుపై ఆరబోసిన ధాన్యము చక్రము క్రింద గోళీలవలె దొర్లును. రోడ్డుపై వేసిన తెల్లని రంగుగీతలు, మురుగుకాలువల ఇనుపమూతలు, రైలు పట్టాలు తడిసినప్పుడు ఎట్లుండునో మనకందరకు తెలియును. అరిగిన టైరుతో, సడలిన బ్రేకుతో వచ్చు సైకిళ్లు మన స్టాండులోను లేకపోలేదు. దేశము మారినను సూత్రమొక్కటే: పట్టు తగ్గినచోట వేగము తగ్గవలెను, ముందుచక్రమును కాపాడుకొనవలెను, బ్రేకును మలుపునకు ముందే ముగింపవలెను.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక చిన్న మనవి. విదేశములకు పోవు విద్యార్థులకు వీసా, ఫీజు, విమానము టిక్కెట్టు గూర్చి చెప్పువారు పలువురున్నారు. అచ్చటి నేలపై ఎట్లు నడువవలెనో చెప్పువారు లేరు. వీడ్కోలు సభ దినముననే ఒక అరగంట ఇందుకు కేటాయించినచో బాగుండును. భౌతికశాస్త్ర శాఖవారు సహకరింతుమనుచున్నారు. అదే దినమున మన స్టాండులోని సైకిళ్ల బ్రేకులను ఒక మెకానిక్కుచే చూపించినచో ఇచ్చట ఉండిపోవువారికిని మేలగును.

ఈ సంగతులన్నియు వ్రాసి ఆ విద్యార్థికి పంపితిని. మార్చి మాసమున జవాబు వచ్చినది. కట్టు విప్పినారట. ముందుచక్రమునకు మేకుల టైరు ఒకటి, వాడినదే, కొన్నాడట. ఆ వంతెన వచ్చినప్పుడు ఇప్పటికిని దిగి నడచుచున్నాడట. అవ్వ మాత్రము రోజూ అతని ప్రక్కనుండి సైకిలుమీద, మెల్లగా, దాటిపోవుచున్నదట.