పాత మిత్రుల సైకిల్ యాత్ర – పిల్లల చదువుకు ఆసరా

సైకిల్ తొక్కితే పిల్లల చదువుకు డబ్బులెట్లా వస్తాయని చాలామందికి సందేహం. పద్ధతి చాలా సులువు. కొందరు పాత మిత్రులు కలిసి ఫలానా రోజు ఇన్ని కిలోమీటర్లు తొక్కుతామని ముందే మాట ఇస్తారు. బంధువులు, తోటి ఉద్యోగులు, చిన్ననాటి దోస్తులు కిలోమీటరుకు ఇంత అనో, యాత్ర మొత్తానికి ఇంత అనో చందా రాస్తారు. ఊరికే అడిగితే పది రూపాయలిచ్చి తప్పించుకునేవారు కూడా, మనవాడు ఇంత కష్టపడుతున్నాడంటే మనసు పెట్టి ఇస్తారు. అడిగేవాడి చెమటే ఇచ్చేవాడికి పూచీ.

ముగ్గురు మిత్రుల ఆశ

1991లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో సందీప్ పాండే, దీపక్ గుప్తా, వి.జె.పి. శ్రీవాస్తవ అనే ముగ్గురు భారతీయ విద్యార్థులు 'ఆశా ఫర్ ఎడ్యుకేషన్' సంస్థను ప్రారంభించారు. మన దేశంలోని పేద పిల్లల చదువే దాని లక్ష్యం. సందీప్ పాండే గారికి 2002లో రామన్ మెగసెసే పురస్కారం లభించింది. ఆ సంస్థ వాలంటీర్లు 'టీమ్ ఆశా' పేరుతో పరుగు, సైకిల్ శిక్షణ నిర్వహించారు. చేరినవారు నెలల తరబడి సాధన చేస్తూనే తెలిసినవారి దగ్గర విరాళాలు సేకరిస్తారు. సైకిల్‌పై వంద మైళ్లు, అంటే సుమారు 161 కిలోమీటర్లు తొక్కడం ఇటువంటి సాధనలో ఒక పెద్ద మెట్టు.

సైకిలే చదువైన చోట

సైకిల్ విరాళాలు తేవడమే కాదు, పిల్లల్ని బడికి కూడా చేరుస్తుంది. బీహార్ ప్రభుత్వం 2006లో తొమ్మిదో తరగతి బాలికలకు సైకిళ్ల పథకం ప్రారంభించింది. కార్తీక్ మురళీధరన్, నిశీథ్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు దానిని పరిశీలించగా, హైస్కూల్లో చేరే ఆ వయసు బాలికల సంఖ్య 32 శాతం పెరిగిందని, బాలబాలికల మధ్య తేడా 40 శాతం తగ్గిందని తేలింది. హైస్కూలు 3 కిలోమీటర్లు, అంతకు మించి దూరమున్న ఊళ్లలోనే ఎక్కువ మేలు జరిగింది. అడ్డం పడింది తెలివి కాదు, దూరం!

మన పిల్లలకు ఎక్కడ అవసరం?

హాస్టల్లో ఉన్నన్నాళ్లు భోజనం, పుస్తకాలు, కాస్మెటిక్ చార్జీలు ప్రభుత్వమే ఇస్తుంది. హాస్టల్ దాటే వేళే అసలు కష్టం. ప్రవేశ పరీక్ష ఫీజు, కౌన్సెలింగ్‌కు బస్సు చార్జీ, కొత్త పట్నంలో మొదటి నెల గది అద్దె – ఇవన్నీ ఒక్కసారే మీద పడతాయి. స్కాలర్‌షిప్ వచ్చేది ఆ తర్వాతే. ఆ రెండు మూడు నెలలు దాటలేక, వచ్చిన సీటు వదిలేసి పనికి పోయినవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ ఇచ్చిన ఉపకార వేతనంతోనే 1913లో డాక్టర్ అంబేడ్కర్ కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లారు. సాయం వేళకు అందాలి.

మనమూ చేయవచ్చు

కొడిమ్యాల నుంచి జగిత్యాలకు వెళ్లి వచ్చే యాత్ర అనుకుందాం. 20 మంది పూర్వ విద్యార్థులు, ఒక్కొక్కరు 25 మంది దగ్గర 100 రూపాయల చొప్పున సేకరిస్తే 50,000 రూపాయలు. పది మందికి తలా 5,000! అయితే కొన్ని నియమాలు తప్పనిసరి.

1. డబ్బు దేనికో ముందే రాసుకోవాలి.

2. ఇద్దరు ముగ్గురి సంతకాలతో బ్యాంకు ఖాతా తెరవాలి. జమాఖర్చులు హాస్టల్ నోటీసు బోర్డుపై అంటించాలి. యాత్ర ఖర్చు తొక్కేవారే భరించాలి.

3. సాయం పొందిన పిల్లల పేర్లు, ఫొటోలు ఎక్కడా వేయరాదు. చెక్కు చేతికిచ్చి వేదికపై నిలబెట్టడం సాయం కాదు.

4. భద్రత ముఖ్యం. 2018 సెప్టెంబర్ 11న కొండగట్టు ఘాట్ రోడ్డులో జరిగిన ఆర్టీసీ బస్సు ప్రమాదంలో 60 మందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది మన మండలం ఊళ్లవారే. కాబట్టి ఘాట్ దారి వద్దు. హెల్మెట్, వెనుక ఒక బండి, పోలీసులకు ముందుగా సమాచారం ఉండాలి. ఎండలు ముదరకముందే, తెల్లవారగానే బయలుదేరాలి.

మిత్రులారా! మనలో చాలామంది తమ ఇంట్లో మొట్టమొదటి పట్టభద్రులు. మన చేయి పట్టుకుని నడిపించినవారు ఎవరో ఒకరు ఉన్నారు. వచ్చే వార్షికోత్సవం నాటికి ఆ పది మంది పేర్లు కాలేజీ రిజిస్టర్లలో ఉండాలని కోరుకుందాం. సైకిళ్లకు గాలి కొట్టుకుందాం.