ఒక్క రాత్రి పువ్వు, మూడు పేర్ల మొక్క

వానాకాలం రాత్రుళ్ళలో మన ఊళ్ళలో అప్పుడప్పుడూ ఒక చిన్న వేడుక జరుగుతుంది. ఎవరింటి పెరటి కుండీలోనో ‘బ్రహ్మకమలం’ మొగ్గ విచ్చుకుంటోందని తెలియగానే ఇరుగుపొరుగు వాళ్ళంతా చేరతారు. అరచేయి కన్నా పెద్దదైన తెల్లని పువ్వు, ఇల్లంతా పరిమళం. తెల్లవారేసరికి ఆ పువ్వు వడలిపోయి కాడకు వేలాడుతూ ఉంటుంది. మీలో చాలామంది దీన్ని చూసే ఉంటారు. అయితే ఆ మొక్క ఒక కాక్టస్ అని మీకు తెలుసా?

అసలు బ్రహ్మకమలం అనే పేరు హిమాలయాల్లో ఎత్తయిన చోట్ల పెరిగే సాసూరియా అబ్‌వల్లేటా అనే మొక్కది. అది పొద్దుతిరుగుడు కుటుంబానికి చెందింది. మన కుండీల్లో ఉండేది ఎపిఫిల్లం ఆక్సిపెటాలం. దాని పుట్టినిల్లు మెక్సికో, మధ్య అమెరికా అడవులు. రెండు వేరువేరు మొక్కలకు ఒకే పేరు! దానితో ఒకదాని గుణాలు, కథలు రెండోదానికి అంటగడుతున్నాం. ఇలాంటి గందరగోళం రాకూడదనే వృక్షశాస్త్రవేత్తలు ప్రతి మొక్కనూ జాగ్రత్తగా పరిశీలించి, వర్ణించి, పేరు పెడతారు. ఈ పని ఎంత ఓపికతో కూడినదో, ఎపిఫిల్లానికి బంధువైన ఒక అరుదైన కాక్టస్ కథలో చూద్దాం.

చెట్టెక్కిన కాక్టస్‌లు

కాక్టస్ అనగానే మనకు ఎడారి గుర్తొస్తుంది. కాని కాక్టస్ కుటుంబంలోని 1,500కు పైగా జాతుల్లో వందకు మించిన జాతులు వానలు బాగా కురిసే అడవుల్లో, చెట్ల కొమ్మల మీద, మానుల మీద పెరుగుతాయి. ఇలా చెట్ల మీద నివసించే మొక్కల్ని వృక్షోపజీవులు (ఎపిఫైట్లు) అంటారు. వీటిని బదనికలతో పోల్చకండి. మామిడిచెట్టు మీద పెరిగే బదనిక తన చూషకాల్ని కొమ్మలోకి దించి, చెట్టు తెచ్చుకున్న నీటినీ లవణాలనూ పీల్చుకుంటుంది. అది పరాన్నజీవి. వృక్షోపజీవికి చెట్టు నుంచి కావలసింది చోటు మాత్రమే. వాననీరు, బెరడు పగుళ్ళలో చేరిన కుళ్ళిన ఆకులు, దుమ్ము - వీటితోనే అది బతుకుతుంది.

వానలు కురిసే అడవిలో కాక్టస్‌కు పని ఏమిటని మీరు అడగవచ్చు. ఆలోచించండి. కొమ్మ మీద మట్టి లేదు. వాన వెలిసిన కొద్దిసేపటికే బెరడు ఆరిపోతుంది. మళ్ళీ వాన పడే వరకు మొక్క దాచుకున్న నీటితోనే గడపాలి. అంటే తడి అడవి మధ్యలో కొమ్మ ఒక బుల్లి ఎడారి! అందుకే నీటిని నిలవ చేసుకునే కాండం అక్కడ కూడా అక్కరకు వస్తుంది.

దాదాపు కాక్టస్‌లన్నీ అమెరికా ఖండాలకు చెందినవే. రిప్సాలిస్ బాక్సిఫెరా అనే వృక్షోపజీవి ఒక్కటే ఆఫ్రికా, మడగాస్కర్‌లలోనూ, మన పొరుగున శ్రీలంకలోనూ సహజంగా పెరుగుతోంది.

నల్లని నీటి అడవి

మన కథానాయిక ఉండేది దక్షిణ అమెరికాలోని అమెజాన్ ప్రాంతంలో. అమెజాన్‌కు ఉపనది అయిన రియో నీగ్రో పేరుకు అర్థం ‘నల్లనది’. కుళ్ళిన ఆకుల నుంచి దిగిన రంగు వల్ల దాని నీరు చిక్కని టీ డికాక్షన్‌లా కనిపిస్తుంది. బ్రెజిల్‌లోని మనౌస్ నగరం దగ్గర ఈ నది నీటిమట్టం ఏటా సుమారు 10 మీటర్లు పెరిగి మళ్ళీ తగ్గుతుంది. వరద కాలంలో ఒడ్డున ఉన్న అడవి నెలల తరబడి నీటిలో నిలబడి ఉంటుంది. ఇలాంటి అడవిని అక్కడ ‘ఇగపో’ అంటారు. అందులో తిరగాలంటే పడవే గతి.

ఈ చెట్ల మానులకు బల్లపరుపుగా, ఎవరో గోడకు కాగితం అతికించినట్లు, ఆకుల్లాంటివి హత్తుకుని కనిపిస్తాయి. నీడలో పచ్చగానూ, ఎండ బాగా తగిలే చోట ఎర్రగానూ ఉంటాయి. మనౌస్‌లో ఉండే విట్ అనే ఆయన ఈ మొక్కను సేకరించాడు. బెర్లిన్‌లో పనిచేసే కార్ల్ షూమన్ అనే వృక్షశాస్త్రవేత్త 1900లో దీనిని శాస్త్రలోకానికి వర్ణించి, విట్ పేరు మీద ‘సీరియస్ విట్టియై’ అని నామకరణం చేశాడు.

గుర్తించడం ఎలా?

ఈ మొక్కే మీ చేతికి వచ్చిందనుకోండి. ఎక్కడ మొదలుపెడతారు?

మొదటి ప్రశ్న: ఇది కాక్టస్ అవునా, కాదా? ముళ్ళుంటే చాలదు. మన చేలగట్ల మీది నాగజెముడు కాక్టస్. బొంతజెముడు మాత్రం కాక్టస్ కాదు, యుఫోర్బియా. గిల్లితే పాలు కారతాయి. కాక్టస్‌కు అసలైన గుర్తు ఏరియోల్. ఇది కాండం మీద దిండులాంటి చిన్న బుడిపె. ముళ్ళు, కొత్త కొమ్మలు, పువ్వులు అన్నీ దాని నుంచే వస్తాయి. మన అమెజాన్ మొక్క ‘ఆకు’ అంచును చూస్తే వరసగా ఏరియోల్‌లు, వాటి నుంచి ముళ్ళు కనిపిస్తాయి. కాబట్టి ఇది కాక్టస్. అది ఆకూ కాదు. ఆకు అంచున ముళ్ళు ఉండవచ్చుగాని ఏరియోల్‌లు ఉండవు. ఇది ఆకు రూపం దాల్చిన కాండం. పాఠ్యపుస్తకంలో మీరు చదివిన పత్రాభకాండం ఇదే.

రెండో పని కొలతలు. కాండం పొడవు, వెడల్పు, అంచు తీరు, ఏరియోల్‌ల మధ్య దూరం, ముళ్ళ సంఖ్య, వేళ్ళు వచ్చే చోటు - అన్నీ రాసుకోవాలి. ఈ మొక్కలో వేళ్ళు కాండం మధ్య ఈనె వెంట, మాను వైపున పుట్టి బెరడును పట్టుకుంటాయి. ‘పెద్దది’, ‘చిన్నది’ అని రాస్తే వర్ణన కాదు. చదివినవాడు మొక్కను చూడకుండానే గుర్తుపట్టగలగాలి.

మూడోది పోలిక. దగ్గరి జాతులన్నింటి వర్ణనలతో, హెర్బేరియంలో ఎండబెట్టి దాచిన నమూనాలతో సరిచూడాలి. ఎవరూ ఇంతకుముందు వర్ణించలేదని తేలితేనే కొత్త జాతి అనాలి. అప్పుడు కూడా ఒక నమూనాను ‘ఈ పేరు దీనిదే’ అని నిర్ణయించి హెర్బేరియంలో భద్రపరచాలి. ఇది ఆ పేరుకు సాక్ష్యం. వర్ణనను ప్రకటించాలి. చాలాకాలం ఈ వర్ణన లాటిన్‌లోనే ఉండాలనే నియమం ఉండేది. 2012 నుంచి ఇంగ్లీషులో రాసినా చెల్లుతుంది.

పువ్వు చెప్పే సంగతులు

కాండం పరిసరాల్ని బట్టి మారుతుంది. బంధుత్వం తెలియాలంటే పువ్వు, కాయ, గింజ చూడాలి. చిక్కంతా ఇక్కడే ఉంది. ఈ కాక్టస్ పువ్వు ఒక్క రాత్రి మాత్రమే ఉంటుంది. అదీ అడవి నీట మునిగి ఉన్న కాలంలో.

మార్గరెట్ మీ అనే ఇంగ్లీషు చిత్రకారిణి 1952లో బ్రెజిల్ వెళ్ళి, అమెజాన్ మొక్కల్ని వాటి సహజస్థానంలోనే చిత్రించడానికి జీవితం అంకితం చేసింది. ఈ పువ్వు విచ్చుకోవడాన్ని అడవిలో చూసి గీయాలని ఆమె ఏళ్ళ తరబడి తపించింది. చివరికి 1988 మే నెలలో, దాదాపు 79 ఏళ్ళ వయసులో, పడవ పైకప్పు మీద కూర్చుని, టార్చి వెలుగులో ఆ పువ్వు విచ్చుకుంటుండగా గీసింది. అదే సంవత్సరం నవంబరులో ఇంగ్లండులో జరిగిన కారు ప్రమాదంలో ఆమె మరణించింది.

పువ్వు తెల్లనిది. పొడవు సుమారు 25 సెంటీమీటర్లు. అందులో ఎక్కువ భాగం సన్నని గొట్టమే. మకరందం గొట్టం అడుగున ఉంటుంది. తెలుపు రంగు, రాత్రి పూయడం, మొదట తియ్యని పరిమళం, సన్నని పొడుగాటి గొట్టం - ఈ లక్షణాల్ని బట్టి దీనికి పరాగ సంపర్కం చేసేది చాలా పొడవైన తొండం గల హాక్‌మాత్ శలభం అని శాస్త్రవేత్తలు ఊహించారు. అంతటి తొండం గల శలభాలు అమెజాన్‌లో ఉన్నాయి కూడా. గింజల్లో గాలి నిండిన ఖాళీలు ఉంటాయి. అందువల్ల అవి నీటిపై తేలుతూ వెళ్ళి మరో మానుకు చేరగలవు. చాలా కాక్టస్‌ల గింజల్ని పక్షులు, చీమలు మోస్తే, దీని గింజల్ని వరద మోస్తుంది!

పేరు ఎందుకు మారింది?

సీరియస్ ప్రజాతిలో పొడుగాటి కాండాల కాక్టస్‌లెన్నింటినో చేర్చేవారు. ఈ మొక్క వింత కాండాన్ని చూసి బ్రిటన్, రోజ్ అనే అమెరికన్ శాస్త్రవేత్తలు 1913లో దీనిని విడదీసి ‘స్ట్రోఫోకాక్టస్’ అనే కొత్త ప్రజాతి ఏర్పరిచారు. చుట్టుకునే కాక్టస్ అని భావం. పువ్వు చూస్తే రాత్రి పూసే సెలెనిసీరియస్ పువ్వులతో పోలిక ఉంది. అందుకని రౌలీ 1986లో దీనిని ఆ ప్రజాతిలోకి మార్చాడు. తరువాత డి.ఎన్.ఎ. పరీక్షలు వచ్చాయి. పువ్వుల పోలిక దగ్గరి చుట్టరికం కాదని అవి చూపించాయి. ఒకే రకం శలభాల్ని పిలిచే పువ్వులు వేరువేరు వంశాల్లో ఒకే రూపానికి రావచ్చు. ఈ మొక్కకు దగ్గరి చుట్టాలు పొడి నేలల్లో, మట్టిలో పెరిగే పొదలని తేలింది! 2017లో ఆ పొదల్ని కూడా కలుపుకుని స్ట్రోఫోకాక్టస్ ప్రజాతిని పునరుద్ధరించారు.

చూశారా? పేరు మారినప్పుడల్లా పాత శాస్త్రవేత్త తెలివితక్కువవాడని అర్థం కాదు. కొత్త సాక్ష్యం దొరికిందని అర్థం. అన్ని మార్పుల్లోనూ ‘విట్టియై’ అనే మాట, షూమన్ మొదటి వర్ణన చెక్కుచెదరకుండా నిలిచాయి. మంచి వర్ణనకున్న బలం అది.

వరద లెక్క తప్పితే?

ఈ మొక్క జీవితం వరదతో ముడిపడింది. ఆ వరదే లెక్క తప్పుతోంది. మనౌస్ దగ్గర రియో నీగ్రో 2021 జూన్‌లో అంతకుముందు నమోదు కానంత ఎత్తుకు పొంగింది. 2023 అక్టోబరులో అంతకుముందు ఎన్నడూ లేనంతగా ఎండింది. 2024 అక్టోబరులో ఆ రికార్డు కూడా దాటి ఇంకా కిందికి దిగిపోయింది. నీరు రావలసిన వేళకు రాకపోతే గింజలు ఎలా ప్రయాణిస్తాయి? శలభం తగ్గితే పువ్వు ఎవరి కోసం విచ్చుకుంటుంది? ఈ ప్రశ్నలు అడగగలుగుతున్నామంటే ఎవరో ఒకరు ఆ మొక్కను ఓపికగా చూసి రాసిపెట్టడం వల్లనే. వర్ణించని మొక్క మాయమైతే మాయమైందన్న సంగతి కూడా మనకు తెలియదు.

ఈసారి మీ వీధిలో ‘బ్రహ్మకమలం’ పూసినప్పుడు ఒక స్కేలు, నోటుపుస్తకం, టార్చి పట్టుకెళ్ళండి. ఏరియోల్ ఎక్కడుందో వెతకండి. పువ్వు పొడవు కొలవండి. ఎన్ని గంటలకు విచ్చింది, ఎప్పుడు వాడింది, ఏ పురుగు వచ్చింది రాయండి. ఆ కాగితాన్ని ఆ మొక్కను చూడని స్నేహితుడికిచ్చి బొమ్మ గీయమనండి. బొమ్మ మొక్కను పోలి ఉంటే మీ వర్ణన నెగ్గినట్లే!